వాకిట్లో నిలబడి చెప్పిన మాట

కొత్త కంప్యూటర్ కొన్న పాపానికి ఖైరున్నీసా షాపు నాలుగు రోజులుగా మూతపడినంత పని అయిందని పోయినవారం దాకా చదువుతూ వచ్చినవాళ్లకు తెలుసు. ఇవాళే వచ్చి కూర్చున్నవాళ్లకు రెండు ముక్కలు చెప్పాలి. నరసరావుపేటలో ఆమెది డీటీపీ షాపు. అది తండ్రి ఇమాం సాహెబ్ పెట్టింది. ఒకప్పుడు పల్నాడంతా నిచ్చెన వేసుకుని గోడల మీద అక్షరాలు రాసిన మనిషి ఆయన. ఈ పార్టీ గోడ పొద్దున రాస్తే ఆ పార్టీ గోడ సాయంత్రం రాసేవాడు, రెండువైపులా మజ్జిగ తాగేవాడు. ఫ్లెక్సీలు వచ్చి గోడల రాత మూలపడ్డాక, యాభై దాటిన వయసులో మౌసు పట్టుకుని, తన అక్షరాలన్నిటినీ కంప్యూటర్‌లో ఒక్కొక్కటిగా గీసి దాచుకున్నాడు. గుణింతాలూ ఒత్తులూ కలిపి ఆరొందల నలభై ముక్కలు. ఆర్నెల్ల కింద ఆయన పోయాడు.

ఆ అక్షరాలు విజయవాడ కంపెనీ ఒకటి తయారుచేసిన సాఫ్ట్‌వేర్‌లోనే తెరుచుకుంటాయి. అదీ కంపెనీ ఆయనకిచ్చిన కీ, అంటే తాళంచెవిలాంటి అంకెల వరస, కొడితేనే. ఆ కీ రెండు కంప్యూటర్లకే చెల్లుతుంది, రెండింట్లోనూ విండోసే ఉండాలి. పాత కంప్యూటర్ మూలుగుతోందని ఖైరున్నీసా కొత్తది కొని, అందులో అదే కీ కొట్టింది. తెర మీద ఎర్రక్షరాలు వచ్చాయి. ఈ కీ నలభై కంప్యూటర్లలో వాడుకలో ఉంది, అనుమతి రెండింటికే, విచారణ పూర్తయ్యేదాకా ఈ కంప్యూటర్‌లో నిలిపివేశాం అని.

ఆ విచారణ ఇవాళ మధ్యాహ్నం బస్సు దిగి, ఎండకు చున్నీ నెత్తిన కప్పుకుని, దారి అడుక్కుంటూ షాపుకొచ్చింది. విచారణ పేరు భార్గవి.

నాలుగు రోజులుగా ఖైరున్నీసా మనసులో ఒక మీసాల ఆఫీసరును ఊహించుకుని, అతనితో బోలెడు పోట్లాడి, బోలెడుసార్లు గెలిచి ఉంది. తీరా వచ్చింది ముప్పై కూడా నిండని పిల్ల. మెడలో కంపెనీ కార్డు, భుజాన ల్యాప్‌టాప్ సంచి, ఎండకు కందిపోయిన మొహం. పోట్లాట సంగతి తర్వాత, ముందు మంచినీళ్లు ఇవ్వక తప్పలేదు.

భార్గవి గ్లాసు ఖాళీ చేసి, ల్యాప్‌టాప్ తెరిచి, తల దించుకునే చెప్పింది. "సాయంత్రం ఐదింటికల్లా నేను రిపోర్టు పంపాలి మేడం. రూలు తప్పారని పంపితే కీ రద్దయిపోతుంది."

"రద్దయితే ఏమవుద్ది?"

"ఆ కీతో దాచుకున్న ఫైళ్లు ఇక తెరుచుకోవు."

"ఇంకో కీ కొనుక్కుంటా."

"కొత్త కీతో కూడా తెరుచుకోవు మేడం. పాత ఫైళ్లన్నీ పాత కీకే ముడిపడి ఉంటాయి. మా దగ్గర కూడా వేరే దారి లేదు."

ఖైరున్నీసా కుర్చీ లాక్కుని కూర్చుంది. తండ్రిని మట్టిలో పెట్టి వచ్చిన రోజు కూడా ఇంత భయం వేయలేదు. మనిషి పోయినా ఆయన చెయ్యి ఆ పాత కంప్యూటర్‌లో ఉందని ధైర్యంగా ఉండేది. ఎప్పుడు మనసు బాగోకపోయినా ఆ అక్షరాల్లో నాలుగు తెర మీద పరుచుకుని చూసుకునేది. సాయంత్రం ఐదింటికి ఆ చెయ్యి కూడా పోతుంది.

"మా నాన్న దొంగ కాదు" అంది. గొంతు తను అనుకున్నదానికన్నా గట్టిగా వచ్చింది.

"నేను ఆ మాట అనలేదు మేడం."

"మరి రెండిటికిచ్చిన కీ నలభైకి ఎట్టా పోయిందంటావు?"

"అది మిమ్మల్నే అడుగుదామని వచ్చాను."

ఆ గట్టి గొంతు విని పక్క షాపు పుల్లారావు వచ్చాడు. ఫ్లెక్సీలు వేసే మనిషి, అరవై దాటాయి, ఇమాం సాహెబ్‌ని అన్నా అని పిలిచేవాడు. గుమ్మంలో ఉన్న స్టూలు మీద కూర్చున్నాడు గానీ లోపలికి రాలేదు. అడగని మాటకు కూడా సమాధానం చెప్పే మనిషి, ఇవాళ కూర్చుని చొక్కా బొత్తాం తిప్పుకుంటున్నాడు.

"ఒకటి చూపిస్తాను" అంది భార్గవి. "ఏ కంప్యూటర్‌లో కీ కొట్టినా, ఈ కంప్యూటర్ పేరు అని ఒక గడి వస్తుంది. అందరూ ఆఫీస్ ఒకటి, ఆఫీస్ రెండు అని కొడతారు. లేకపోతే ఏదో ఒక అక్షరం కొట్టి వదిలేస్తారు. ఆ గడిని మా ఆఫీసులో ఎవరూ చదవరు కూడా. మొన్న నేను మీ నాన్నగారి లిస్టు తెరిచి, మొత్తం చదివాను." మెడలో కార్డు సర్దుకుంది. "ఇంటికి వెళ్లాక మళ్లీ చదివాను."

ల్యాప్‌టాప్‌ని ఖైరున్నీసా వైపు తిప్పింది.

మొదటి వరస పంతొమ్మిదేళ్ల కిందటిది. "నరసరావుపేట. నా షాపు. ఇది నాది."

రెండో వరస. "షాపులో రెండోది. దీని ముందు మా అమ్మాయి ఖైరున్నీసా కూర్చుంటుంది. నాకన్నా వేగం."

ఖైరున్నీసా తన పేరు మీద వేలు పెట్టి చూసుకుంది. వేగం సంగతి తండ్రి తన మొహాన ఒక్కసారి కూడా అనలేదు. అచ్చుతప్పుల గురించి మాత్రం రోజూ అనేవాడు.

మూడో వరస. "అయ్యా, పక్క షాపు పుల్లారావుకు ఇస్తున్నాను. ఎలక్షన్ల పని నెత్తి మీద ఉంది, అతని సాఫ్ట్‌వేర్ ఆగిపోయింది. నాలుగు రోజులే అన్నాడు."

స్టూలు కిర్రుమంది. "పదహారేళ్లయింది ఖైరమ్మా" అన్నాడు పుల్లారావు. "ఇయ్యాల్టికీ దాంతోనే నడుపుతన్నా. తిరిగిచ్చేద్దామని చానాసార్లు అనుకున్నా. అయితే అది తిరిగిచ్చే వస్తువు కాదంట గదా."

ఇంకెప్పుడైనా అయితే ఆ మాటకు ఖైరున్నీసా నవ్వేది. ఇప్పుడు ఆమె కళ్లు వరసల మీద నుంచి లేవలేదు.

"అయ్యా, మాచర్ల ఇలియాస్. నాతో పాటు గోడలు రాసినవాడు. ఇప్పుడు ఆ పని లేదు. రాత్రింబగళ్లు తాగుతున్నాడు. కంప్యూటర్‌లో రాయడం నేర్పితే మానతాడని ఆశ."

"అయ్యా, గురజాల కోర్టు ముందు అర్జీలు కొట్టే నూర్ మొహమ్మద్. టైపు మిషన్‌కు రిబ్బన్ దొరకడం లేదు. అర్జీ ఆగితే పేదవాడి పని ఆగుతుంది."

"అయ్యా, బొల్లాపల్లి హైస్కూలు. కంప్యూటర్లు వచ్చాయి, అందులో విండోస్ లేదు, వేరే ఏదో ఉంది. మీ సాఫ్ట్‌వేర్ దాంట్లో ఎక్కడం లేదు. నా పాత పెట్టె ఒకటి ఇచ్చి అందులో వేశాను. పిల్లలు వాళ్ల పేర్లు అచ్చులో చూసుకున్నారు."

"అయ్యా, వెల్దుర్తి జాహెదా. భర్త పోయాడు. కుట్టు మిషన్ పక్కన కంప్యూటర్ పెట్టుకుంది. ఈమెకు నేను మాటిచ్చాను, కాదనకండి."

"అయ్యా, అమరావతిలో రాళ్ల మీద పేర్లు చెక్కే మహేష్. ముందు కాగితం మీద చూసుకుంటే రాయి పాడవదంటున్నాడు. నిజమే కదా."

చదువుతూ చదువుతూ ఉంటే ఖైరున్నీసాకు తండ్రి జనాజా రోజు గుర్తొచ్చింది. ఇంటి ముందు తనకు తెలియని మనుషులు ఎంతమంది నిలబడ్డారో. చేతులకు తెల్లటి రాతిపొడి అంటుకుని వచ్చిన కుర్రాడొకడు. పిల్లను చంకనేసుకుని గేటు బయటే నిలబడి ఏడ్చిన ఒకావిడ. నల్లకోటు వకీలు పక్కన టైపిస్టులాంటి ముసలాయన. షాపుకు వచ్చిపోయేవాళ్లు కాబోలు అనుకుంది తను. చెప్పులు విప్పుకుని ఆ మూల నిలబడి, గోడ పట్టుకుని ఏడ్చిన పొడుగాటి మనిషి ఇలియాస్ అయి ఉంటాడు. ఆ రోజు ఆయన దగ్గర తాగిన వాసన రాలేదు.

ఇంకోటి కూడా గుర్తొచ్చింది. నిచ్చెన మీద ఒక చేత్తో ఊతం పట్టుకుని రాయడం వల్ల ఇమాం సాహెబ్ రాసిన అక్షరాల తలకట్టు చివర కొంచెం పైకి లేచేది. కంప్యూటర్‌లో గీసినప్పుడు కూడా ఆయన దాన్ని సరిచేయలేదు, అదే నా చెయ్యి అన్నాడు. ఆ లేచిన తలకట్టును ఖైరున్నీసా మాచర్ల బస్సులో పోతూ టీ హోటల్ బోర్డు మీద చూసింది. స్కూలు గోడ మీద, చెరుకురసం బండి మీద, కోర్టులో ఎవరో చేతబట్టుకున్న అర్జీ మీద, శ్మశానంలో తెల్లరాతి మీద చూసింది. పల్నాట్లో అందరూ ఇట్లాగే రాస్తారు కాబోలనుకుని ఊరుకుంది. అందరూ రాయలేదు. ఒక్క మనిషి రాశాడు. ఆర్నెల్లుగా తను ఒక పాత పెట్టెను కాపలా కాస్తూ నాన్న ఇందులో ఉన్నాడనుకుంటోంది. ఆయన నరసరావుపేట నుంచి కృష్ణ ఒడ్డు దాకా ఉన్నాడు.

ఆమె చీర కొంగుతో కళ్లు ఒత్తుకుంది. భార్గవి తెర వైపే చూస్తూ కూర్చుంది.

కాసేపటికి భార్గవే అంది. "నాకు అర్థం కానిది ఒకటుందక్కా." మేడం ఎప్పుడు అక్క అయిందో ఇద్దరూ గమనించలేదు. "దాచిపెట్టి వాడేవాళ్లు ఇన్ని సంగతులు రాయరు. ఇది తప్పని ఆయనకు తెలియదా?"

సమాధానం పుల్లారావు చెప్పాడు. "ఆయనది బొల్లాపల్లి కాడ పల్లె అమ్మాయ్. అక్కడ విత్తనాలేసే గొర్రు పది ఇళ్లకి ఒకటి ఉంటది. వాన పడ్డ పొద్దున ఇంటాయన కోసం కూర్చుంటే అదును పోద్ది. అందుకని వాకిట్లో నిలబడి, పిన్నీ, గొర్రు తీసుకుపోతన్నా అని గట్టిగా చెప్పి తీసుకుపోతారు. లోపల్నుంచి వద్దంటే వద్దు. ఎవురూ ఏం అనకపోతే సరే అన్నట్టు. చెప్పకుండా తీసుకుపోయినోడే దొంగ."

"ఆ గడి నింపి నొక్కితే ఏం వస్తది?" అని అడిగింది ఖైరున్నీసా.

"నమోదైంది, ధన్యవాదాలు అని వస్తుంది."

"చూశావా. ఆయన వాకిట్లో నిలబడి చెప్పాడు. మీరు వద్దనలేదు, పైగా ధన్యవాదాలన్నారు. ఆయనకి అంతకన్నా ఏం కావాల?"

భార్గవికి నవ్వొచ్చింది, వెంటనే పోయింది. మెల్లగా ల్యాప్‌టాప్ తనవైపు తిప్పుకుంది. "ముప్పై తొమ్మిది వరసలు ఇలాగే ఉన్నాయక్కా. నలభైయో వరసకే పేరు లేదు. గడి ఖాళీ. కంపెనీ కంప్యూటర్ దాన్ని చూసే గంట కొట్టింది."

"అదెవురిది?"

భార్గవి టేబుల్ మీద మెరుస్తున్న కొత్త కంప్యూటర్ వైపు చూసింది.

ఖైరున్నీసా మొహం మాడిపోయింది. ఆ రోజు తొందరలో గడి చూసింది, ఇదొక నస అనుకుని దాటేసింది. పంతొమ్మిదేళ్లలో చెప్పకుండా తీసుకుపోయింది తనొక్కతే. తండ్రి పేరు నిలబెట్టడానికి నాలుగు రోజులుగా ఊహల్లో పోట్లాడిన కూతురే ఆయన పద్ధతి తప్పింది. ఆ సిగ్గు చెంపల్లో వేడిగా తెలిసింది.

"నాదే తప్పు" అంది. "నా రాత వేరే, ఆయన రాత వేరే. నాది రద్దు చేసి ఆయనది వదిలెయ్యి."

"కీ ఒక్కటే అక్కా. వేరు చేయలేను." అంటూనే భార్గవి కనుబొమలు ముడిపడ్డాయి. ఏదో లెక్క తప్పిన మనిషిలా తెర మీదికి వంగింది. "ఆగండి. రెండు దాటాక మూడోది దానంతటదే ఆగిపోవాలి కదా. మూడో కంప్యూటర్‌కే మీ నాన్నగారికి ఎర్రక్షరాలు రావాలి. మరి ముప్పై తొమ్మిది దాకా ఎలా తెరుచుకున్నాయి?"

పట్టికను పక్కకు జరిపింది. ఎప్పుడూ అంతదూరం జరిపి చూసినట్టు లేదు, ఒక్కో గడీ దాటుతుంటే పెదవులతో పేర్లు చదువుకుంటోంది. చివరికి ఆగింది.

"ఏందమ్మా?" అన్నాడు పుల్లారావు గుమ్మంలోంచి.

"ఎవరో చేత్తో తెరిచారు" అంది భార్గవి. గొంతు తగ్గిపోయింది. "చివరి మూడూ తప్ప, ముప్పై నాలుగుసార్లు. ప్రతిసారీ ఒకే మనిషి. ఉద్యోగి నంబరు మూడు అని ఉంది. అక్కా, నాది రెండొందల పద్నాలుగు. మూడంటే కంపెనీ పుట్టినప్పటి మనిషి. రెండేళ్ల కిందటే మానేశారు, మాలో చాలామంది ఆయన్ని చూడనే లేదు. తెరిచి ఊరుకోలేదు, చూడండి. జవాబులు రాశారు."

ముగ్గురి తలలూ ఆ చిన్న తెర దగ్గరికి చేరాయి. పుల్లారావు ఎప్పుడు లోపలికొచ్చాడో తెలియదు.

పుల్లారావు పేరున్న వరస ఎదురుగా ఇలా ఉంది. "తీసుకోండి. నాలుగు రోజులని ఆయన అన్నాడు గానీ మీరు నమ్మినట్టు లేరు."

నూర్ మొహమ్మద్ ఎదురుగా. "తీసుకోండి. మా నాన్న కూడా అర్జీలు రాయించుకున్నవాడే."

బొల్లాపల్లి స్కూలు ఎదురుగా. "వేరే రకం కంప్యూటర్లకు కూడా ఎక్కేలా చేయాలని నేను చాలాసార్లు అడిగాను. మావాళ్లు వినలేదు. మీ పెట్టె ఇచ్చారంటే సిగ్గుగా ఉంది. తీసుకోండి."

జాహెదా ఎదురుగా ఒక్క మాట. "కాదనను."

మధ్యలో ఏడాదిన్నర ఖాళీ తర్వాత వచ్చిన వరస ఎదురుగా ఇంకోటి. "చాలా రోజులకు వచ్చారు ఇమాం సాహెబ్ గారూ. ఒంట్లో బాగుందా?"

"ఈ జవాబులు నాన్న చూశాడా?" ఖైరున్నీసా అడిగింది.

భార్గవి తల అడ్డంగా ఊపింది. "జవాబు అవతలివాళ్లకు కనిపించే ఏర్పాటు మా సాఫ్ట్‌వేర్‌లో ఎప్పుడూ పెట్టలేదక్కా. ఇవి ఇక్కడే ఉండిపోయాయి. ఆయనకు ధన్యవాదాలు ఒక్కటే కనిపించేది."

వాకిట్లో ఒక మనిషి పంతొమ్మిదేళ్లు నిలబడి చెబుతూనే ఉన్నాడు. లోపల ఇంకో మనిషి పద్నాలుగేళ్లు తీసుకోండి అంటూనే ఉన్నాడు. ఆ మాట ఈయనకు వినపడలేదు. వినపడకపోయినా ఈయన మానలేదు, వినపడదని తెలిసి కూడా ఆయన మానలేదు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. ఖైరున్నీసాకు దుఃఖం రాలేదు. మసీదులో పెద్ద నమాజు రోజు జనమంతా ఒక్కసారి వంగినప్పుడు చిన్నతనంలో మేడ మీది నుంచి చూసి ఎట్లా నోరు తెరుచుకుని ఉండిపోయేదో, అట్లా ఉండిపోయింది.

"చివరి రెండేళ్లవి?" అని అడిగాడు పుల్లారావు. "మూడో నంబరాయన మానేశాడంటివి గదా."

"మానేసే ముందు ఈ కీని ఆపకుండా పెట్టి వెళ్లారు. గడిలో ఏదైనా రాసి ఉంటే తెరుచుకునేలా." భార్గవి నీళ్లు లేని గ్లాసు ఎత్తి మళ్లీ కింద పెట్టింది. "రాయకపోతే ఆగేలా."

సరిగ్గా అప్పుడే పట్టిక కింద కొత్త వరస ఒకటి చేరింది. నలభై ఒకటి. టైము ఇప్పటిదే, నాలుగూ ఇరవై.

"ఇది అబద్ధం" అంది భార్గవి. "ఇక్కడ లైనక్స్ అని ఉంది, విండోస్ కాదు. లైనక్స్ మీద నడిచే సాఫ్ట్‌వేర్ మేం తయారే చేయలేదు. నడవదు."

నడిచింది. గడిలో రాత కూడా ఉంది.

"ఇమాం సాహెబ్ గారూ, ఈసారి వాకిట్లో నేను నిలబడ్డాను. మీ అక్షరాలు మా తాళం లేకుండా ఏ కంప్యూటర్‌లోనైనా నడిచేలా చేశాను, రెండేళ్లు పట్టింది. మీ కీ ఇవాళ ఐదింటికి పోతుందని పాత ఆఫీసువాళ్ల ద్వారా తెలిసింది. ఈలోగా అక్షరాలను ఇటు మార్చుకోవాలి, అందుకు ఆ కీ ఒక్కసారి కొట్టక తప్పదు. మీ వస్తువు కాబట్టి చెప్పి తీసుకుంటున్నాను. మీరేమీ అనకపోతే సరే అన్నట్టు అనుకుంటాను."

భార్గవి ల్యాప్‌టాప్ మీద నుంచి చేతులు తీసేసింది. "ఆయనకు మీ నాన్నగారు లేరని తెలియదక్కా" అంది. "నేను చేయకూడని పని ఒకటి చేస్తాను. ఆయన తయారుచేసినదాంట్లో జవాబు కనిపించేలా పెట్టే ఉంటారు" అని, జవాబు గడి తెరిచి, ల్యాప్‌టాప్‌ని ఖైరున్నీసా ముందుకు జరిపింది.

ఏమీ అనకుండా ఊరుకుంటే చాలు, అక్షరాలు బతుకుతాయి. కానీ ఎవరైనా వాకిట్లో నిలబడి పిలిస్తే, ఏ పనిలో ఉన్నా బయటికొచ్చి మొహం చూపించాలని ఇమాం సాహెబ్ ఇంట్లో నేర్పాడు. ఒకసారి పద్ధతి తప్పింది తను. రెండోసారి తప్పదలుచుకోలేదు. నాకన్నా వేగం అని తండ్రి రాసిన వేళ్లతో, ఒక్కో అక్షరం వెతుక్కుంటున్నట్టు కొట్టింది.

"నాన్న ఆర్నెల్ల కింద పోయారు. నేను ఆయన కూతుర్ని. మీ జవాబులు ఆయన ఒక్కటి కూడా చూడలేదు. నేను ఇప్పుడే అన్నీ చూశాను. లోపలికి రండి."

తెర మీద ఏమీ కదల్లేదు. బయట ఆటో ఒకటి ఆగి, పోయింది. ఫ్యాను తిరుగుతూనే ఉంది. పుల్లారావు నుదుటి చెమట తుడుచుకున్నాడు. ఎంతసేపయిందో, ఆ వరసలోనే కొత్త రాత వచ్చి చేరింది.

"రెండో కంప్యూటర్ ముందు కూర్చునే అమ్మాయివేనా?"

ఖైరున్నీసాకు అంతసేపూ రాని ఏడుపు అప్పుడొచ్చింది. అవును అని కొట్టడానికి కూడా కళ్లు కనిపించలేదు. భార్గవి ఆమె చెయ్యి పట్టుకుని, ఆమె బదులు తనే కొట్టింది.

ఈసారి జవాబు త్వరగానే వచ్చింది.

"అయితే ఐదు కాకముందే నీకొకటి తెలియాలి తల్లీ. ఆ కీ మీ నాన్న కొనుక్కున్నది కాదు. ఆయన మాకు ఇచ్చినదానికి బదులుగా మేం ఇచ్చింది. దాని మీద ఎన్ని కంప్యూటర్లని లెక్క పెట్టే హక్కు ఈ కంపెనీకి లేదు. అందుకు కాగితం కూడా ఉంది, ఇద్దరు సాక్షులు సంతకం పెట్టారు. ఆయన మాకేమిచ్చారో నీకు చెప్పలేదా?"

ఖైరున్నీసా ఆ వరసను రెండుసార్లు చదివింది. భార్గవి మొహం చూసింది. ఆ పిల్లకు ఏమీ తెలియదని ఆ మొహమే చెబుతోంది. తల తిప్పి పుల్లారావు వైపు చూసింది. అరవై దాటిన మనిషి, గోడకు ఆనుకుని, నేల చూపులు చూస్తున్నాడు.

"సంతకం పెట్టింది నువ్వా బాబాయ్?" అంది ఖైరున్నీసా. "మా నాన్న వాళ్లకేమిచ్చాడు?"